బిగ్‌క్వెరీ లోడ్ జాబ్ ఫెయిలైతే అసలు ఎర్రర్ కోడ్‌లో ఎలా పట్టుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

గూగుల్ క్లౌడ్ స్టోరేజ్‌లో ఉన్న సీఎస్‌వీ, జేసన్ ఫైళ్లను పైథాన్‌తో బిగ్‌క్వెరీలోకి (గూగుల్ వాళ్ల డేటా వేర్‌హౌస్) ఎక్కించేవాళ్ల కోసం ఇది. అలా ఎక్కించే పనినే లోడ్ జాబ్ అంటారు. జాబ్ ఎలా నడపాలో ఇక్కడ చెప్పడం లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. జాబ్ పడిపోయాక ఎందుకు పడిపోయిందో కోడ్‌లోంచే ఎలా తెలుసుకోవాలన్నదే విషయం.

"చాలా ఎర్రర్లు వచ్చాయి, ఆపేస్తున్నాం, వివరాలకు ఎర్రర్స్ కలెక్షన్ చూడండి" అని మెసేజ్ వస్తోంది. ఆ కలెక్షన్ ఎక్కడుంది?

జాబ్ ఆబ్జెక్ట్‌లో ఉంది. పైథాన్‌లో జాబ్.ఎర్రర్స్ అని అడిగితే ఒక లిస్ట్ వస్తుంది, అదే ఆ కలెక్షన్. ఇంత చిన్న విషయానికి జనం గంటలు గంటలు ఎందుకు వెతుకుతారంటే, చాలా కోడ్‌లలో ఆ జాబ్ ఆబ్జెక్ట్ చేతిలోనే ఉండదు. లోడ్_టేబుల్_ఫ్రమ్_యూఆర్ఐ అని పిలిచి, అదే లైన్ చివర చుక్క పెట్టి రిజల్ట్ కూడా పిలిచేస్తారు. రిజల్ట్ దగ్గర ఎక్సెప్షన్ లేచిందంటే ఆ లైన్ పూర్తవదు, ఎడమవైపున్న వేరియబుల్‌లోకి ఏమీ రాదు, ఇక ఎర్రర్స్ అడగడానికి మీ దగ్గర మిగిలేది ఏమీ లేదు.

కాబట్టి రెండు లైన్లుగా విడగొట్టండి. ముందు జాబ్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టుకోండి, వెంటనే దాని జాబ్_ఐడీ, లొకేషన్ రెండూ లాగ్‌లో రాయండి, ఆ తర్వాత ట్రై లోపల రిజల్ట్ పిలవండి. ఎక్సెప్ట్‌లో గూగుల్ఏపీఐకాల్ఎర్రర్‌ని పట్టుకుని, జాబ్.ఎర్రర్స్‌లో ఉన్న ప్రతి ఐటమ్‌నీ లూప్ వేసి లాగ్ చేసి, ఎక్సెప్షన్‌ని మళ్లీ పైకి వదిలేయండి. మింగేయొద్దు. పైన ఉన్న షెడ్యూలర్‌కి అది ఫెయిలైందని తెలియాలి కదా.

ఎర్రర్_రిజల్ట్ అని ఒకటుంది, ఎర్రర్స్ అని ఇంకొకటుంది. రెండూ ఎందుకు?

ఎర్రర్_రిజల్ట్ అనేది తుది తీర్పు. అది ఉంటే జాబ్ ఫెయిలైనట్టు, నన్ అని ఉంటే (జాబ్ పూర్తయ్యాక) పాసైనట్టు. ఎర్రర్స్ అనేది జాబ్ నడుస్తుండగా మొదట ఎదురైన తప్పుల లిస్ట్. ఇందులో ఏదైనా ఉన్నంత మాత్రాన జాబ్ ఫెయిలైనట్టు కాదు. కొన్ని చెడ్డ వరసలు వదిలేయమని మీరే చెప్పినప్పుడు జాబ్ పాసవుతుంది, కానీ వదిలేసిన వాటి గురించి ఇందులో కనిపిస్తుంది.

ఫెయిలైందా లేదా అనే నిర్ణయానికి ఎర్రర్_రిజల్ట్, ఎందుకు అనే ప్రశ్నకు ఎర్రర్స్. ఈ రెండింటినీ తారుమారు చేసిన కోడ్ ఎన్నో ఉన్నాయి. ఎర్రర్స్ ఖాళీగా లేదని బాగానే నడిచిన జాబ్‌ని ఫెయిల్ అని అలర్ట్ పంపేవి కొన్ని, ఎర్రర్_రిజల్ట్ ఒక్కటే లాగ్ చేసి ఆ పైపై మెసేజ్‌తో సరిపెట్టుకునేవి ఇంకొన్ని.

జాబ్ స్టేట్ డన్ అని చూపిస్తోంది, టేబుల్ మాత్రం ఖాళీ. ఏమిటిది?

డన్ అంటే ఆగిపోయింది అని మాత్రమే. గెలిచి ఆగిందా ఓడి ఆగిందా అన్నది అది చెప్పదు. పెండింగ్, రన్నింగ్, డన్ అని మూడే స్టేట్‌లు, ఫెయిల్డ్ అని నాలుగోది లేదు. స్టేట్ డన్ అయ్యాక ఎర్రర్_రిజల్ట్ కూడా చూడాల్సిందే.

లోడ్ ఫెయిలైతే టేబుల్‌లో ఏమీ మారదు. సగం వరసలు ఎక్కి సగం ఆగిపోవడం అనేది ఉండదు. ఇది మనకు మంచిదే, ఫైల్ సరిచేసి మళ్లీ నడిపితే డూప్లికేట్ల టెన్షన్ లేదు.

రిజల్ట్ పిలవకుండా స్టేట్‌ని మీరే లూప్‌లో చూస్తుంటే ఇంకో చిక్కు ఉంది. మీ దగ్గరున్న జాబ్ ఆబ్జెక్ట్ దానంతట అది తాజా అవదు, రీలోడ్ పిలవాలి. లేదంటే ఎప్పటికీ రన్నింగ్ అనే చూపిస్తుంది, ఎర్రర్స్ కూడా నన్‌గానే ఉంటుంది. డన్ అనే మెథడ్ పిలిస్తే ఆ పని అదే చేసుకుంటుంది. అలాగే రిజల్ట్‌కి టైమౌట్ ఇచ్చి ఆ టైమౌట్ దాటిందంటే, జాబ్ ఆగిపోయిందని కాదు. మీ కోడ్ ఎదురుచూడటం మానేసింది, అంతే. అవతల సర్వర్‌లో జాబ్ నడుస్తూనే ఉంటుంది.

ఒక్కో ఎర్రర్‌లో ఏమేం ఉంటాయి?

ముఖ్యంగా మూడు. రీజన్: చిన్న కోడ్ లాంటిది, ఇన్వాలిడ్, నాట్‌ఫౌండ్, యాక్సెస్‌డినైడ్, బ్యాకెండ్ఎర్రర్ ఇలా. లొకేషన్: తప్పు ఎక్కడ ఉందో, సాధారణంగా ఫైల్ పాత్. స్టార్ గుర్తు పెట్టి ఒకేసారి వందల ఫైళ్లు ఎక్కిస్తున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. మెసేజ్: మనిషి చదివే వాక్యం. డీబగ్ఇన్ఫో అని ఇంకో ఫీల్డ్ ఉంది కానీ అది గూగుల్ వాళ్ల లోపలి వాడకానికి, దాని మీద ఆధారపడొద్దు.

కోడ్‌లో నిర్ణయాలు రీజన్ చూసి తీసుకోండి, మెసేజ్‌లోని మాటల్ని బట్టి కాదు. మెసేజ్ పదాలు కాలక్రమంలో మారుతుంటాయి, మీ రెగెక్స్ ఏదో ఒక రోజు నిశ్శబ్దంగా పనిచేయడం మానేస్తుంది.

మెసేజ్‌లో లైన్ నంబర్, బైట్ ఆఫ్‌సెట్ ఇస్తోంది. ఆ చోటికి వెళ్లి చూస్తే అక్కడ తప్పేమీ లేదు!

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకి ఇది తప్పకుండా ఎదురవుతుంది. ఆ ఆఫ్‌సెట్ బైట్లలో ఉంటుంది, అక్షరాల్లో కాదు. ఇంగ్లిష్ ఫైల్‌లో అక్షరానికి ఒక బైట్ కాబట్టి ఎలా లెక్కపెట్టినా ఒకటే. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్‌పాయింట్ (అక్షరం, గుణింతపు గుర్తు లాంటిది) ఒక్కోటి 3 బైట్లు. "తెలుగు" అనే మాటే తీసుకోండి, పైథాన్ లెన్ అడిగితే 6 అంటుంది, బైట్లలో చూస్తే 18. పేర్లు, ఊళ్లు, చిరునామాలు తెలుగులో ఉన్న ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో తెరిచి ఆఫ్‌సెట్ దగ్గర కోసి చూస్తే, అసలు తప్పు దాటి ఎక్కడో చాలా దూరంలో తేలతారు.

ఫైల్‌ని బైనరీ మోడ్‌లో తెరిచి, సీక్‌తో ఆ ఆఫ్‌సెట్‌కి వెళ్లి, ఒక లైన్ చదివి అప్పుడు డీకోడ్ చేయండి. ఫైల్ చాలా పెద్దదైతే మొత్తం దించుకోనక్కర్లేదు. స్టోరేజ్ లైబ్రరీలో బ్లాబ్‌కి డౌన్‌లోడ్_యాజ్_బైట్స్ ఉంది, దానికి స్టార్ట్, ఎండ్ ఇవ్వొచ్చు. ఆఫ్‌సెట్ నుంచి ఓ రెండు వేల బైట్లు తెచ్చుకుంటే చెడ్డ వరస మొత్తం కళ్లముందు ఉంటుంది. చివర్లో ఏదైనా తెలుగు అక్షరం మధ్యలో తెగి డీకోడ్ ఏడిస్తే, డీకోడ్‌కి ఉన్న ఎర్రర్స్ అనే ఆప్షన్‌కి రీప్లేస్ అని ఇచ్చేయండి. ఈ చిన్న ఫంక్షన్‌ని ఎక్సెప్ట్ బ్లాక్‌లోనే పెట్టేస్తే చెడ్డ వరస నేరుగా లాగ్‌లోనే కనిపిస్తుంది, ఎవరూ ఫైల్ వెతుక్కోనక్కర్లేదు.

జీజిప్ ఫైళ్లకి ఇది కుదరదు, కుదించిన ఫైల్ మధ్యలోకి దూకలేం. దాన్ని మొత్తం విప్పాల్సిందే.

లైన్ నంబర్ విషయంలో కూడా ఒక మాట. ఫీల్డ్ లోపల ఎంటర్ కొట్టిన చిరునామాలు ఉంటే, మీ ఎడిటర్ లెక్కపెట్టే లైన్లు, మీ డేటాలోని వరసలు ఒకటి కావు. అలాంటి ఫైళ్లలో బైట్ ఆఫ్‌సెట్‌నే పట్టుకోవడం మేలు.

"ఫలానా విలువని ఇంట్64గా (పూర్ణసంఖ్యగా) చదవలేకపోయాం" అంటోంది. మాకు డేటా బాగానే కనిపిస్తోంది.

మనకు బాగా కనిపించేది యంత్రానికి బాగుండకపోవచ్చు. మన దగ్గరి ఫైళ్లలో మళ్లీ మళ్లీ కనిపించేవి ఇవి.

చదవలేకపోయిన విలువ కాలమ్ పేరే అయితే, హెడర్ లైన్ కూడా డేటాగా చదువుతోందన్నమాట. స్కిప్_లీడింగ్_రోస్ 1 పెట్టండి, అయిపోతుంది. మొత్తాలు "1,25,000" అని కామాలతో ఉంటే అది నంబర్ కాదు, స్ట్రింగ్. తేదీ "15-08-2023" అని ఉంటే మామూలు సెట్టింగ్‌లో డేట్ కాలమ్‌లోకి వెళ్లదు, 2023-08-15 అని ఉండాలి. మనవాళ్లు పంపే ఎక్సెల్‌లలో తేదీ ఎప్పుడూ రోజుతోనే మొదలవుతుంది కాబట్టి ఇది రోజూ ఉండే గొడవే.

ఎక్సెల్ చేసే పనులు ఇంకా ఉన్నాయి. 91తో కలిపి రాసిన మొబైల్ నంబర్‌లో 12 అంకెలుంటాయి, జనరల్ ఫార్మాట్‌లో ఉన్న సెల్ దాన్ని 9.19ఈ+11 లాగా మార్చి చూపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేస్తే అదే రాసేస్తుంది. ఇక్కడ ఎర్రర్ రావడమే అదృష్టం అనుకోవాలి, ఎందుకంటే ఆ కాలమ్ ఫ్లోట్ అయి ఉంటే నోరెత్తకుండా ఎక్కిపోయేది, అసలు నంబర్లు ఇక తిరిగిరావు. తెలుగు ఉన్న షీట్‌ని యూటీఎఫ్-8 సీఎస్‌వీ అని ఎంచుకోకుండా మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్న గుర్తులైపోతాయి, దానికి ఏ ఎర్రరూ రాదు.

కాలమ్‌ల టైప్‌ని బిగ్‌క్వెరీయే ఊహించే ఆటోడిటెక్ట్ వాడుతున్నారా? అది మొదటి 500 వరసల దాకా మాత్రమే చూసి టైప్ నిర్ణయిస్తుంది. ఇంటి నంబర్ కాలమ్‌లో మొదటి 500 వరకూ ఉత్త అంకెలే ఉండి, ఆ తర్వాత ఎక్కడో "4-56/ఏ" వచ్చిందంటే జాబ్ పడిపోతుంది. రోజూ నడిచే జాబ్‌కి స్కీమా (కాలమ్‌ల పేర్లు, టైప్‌లు) మీరే రాసి ఇవ్వండి. ఆటోడిటెక్ట్ ఒకసారి చూసి వదిలేసే పనులకే బాగుంటుంది.

"ముగింపు డబుల్ కోట్ లేదు" అనే ఎర్రర్?

చాలాసార్లు చిరునామా ఫీల్డ్‌లో కొత్త లైన్ ఉంటుంది. అలౌ_కోటెడ్_న్యూలైన్స్ ట్రూ చేసి చూడండి. అయినా పోకపోతే డేటాలో నిజంగానే జతలేని కోట్ ఉంది, అంగుళాలకి డబుల్ కోట్ పెట్టే అలవాటున్న ప్రోడక్ట్ లిస్టుల్లో ఇది మామూలే. ఇలాంటి ఎర్రర్‌లో చూపించిన స్థానం తప్పు కనబడిన చోటు, తప్పు మొదలైన చోటు అంతకు ముందు ఉండొచ్చు. కొన్ని వరసలు వెనక్కి కూడా చూడండి.

జేసన్ ఫైల్ మొదటి వరసలోనే ఫెయిల్ అవుతోంది.

ఫైల్ చదరపు బ్రాకెట్‌తో మొదలవుతోందా? లేక అందంగా లైన్లు విడగొట్టి ఉందా? బిగ్‌క్వెరీకి ఒక్కో లైన్‌కి ఒక పూర్తి ఆబ్జెక్ట్ కావాలి.

మ్యాక్స్_బ్యాడ్_రికార్డ్స్ పెంచితే సమస్య తీరుతుందా?

తీరదు, దాగుతుంది. దాని డిఫాల్ట్ 0, అంటే ఒక్క చెడ్డ వరస ఉన్నా జాబ్ మొత్తం పోతుంది. పెంచితే ఆ సంఖ్య వరకు చెడ్డ వరసల్ని వదిలేసి మిగతావి ఎక్కిస్తుంది. ఎక్సెప్షన్ రాదు, ఎర్రర్_రిజల్ట్ నన్, అందరూ సంతోషం, నెలాఖర్లో లెక్కలు కలవవు.

నా ఉద్దేశంలో దీన్ని రెండు చోట్లే వాడాలి. కొన్ని వరసలు పోయినా నష్టం లేని లాగ్ డేటాకి ఒకటి, తప్పులు వెతకడానికి తాత్కాలిక టేబుల్‌లోకి ఎక్కించేటప్పుడు ఇంకొకటి. వాడితే మాత్రం జాబ్ పాసయ్యాక కూడా జాబ్.ఎర్రర్స్ చదివి లాగ్ చేయండి, అవుట్‌పుట్_రోస్‌ని సోర్స్‌లో ఉన్న వరసల సంఖ్యతో పోల్చండి.

చెడ్డ వరసలు అన్నీ ఒకేసారి చూడాలి. ఒకటి సరిచేస్తే ఇంకోటి బయటపడుతోంది, విసుగొచ్చేసింది.

ఎర్రర్స్ లిస్ట్ నుంచి అన్నీ ఆశించొద్దు, అది మొదట ఎదురైనవే ఇస్తుంది. నిజంగా నడపకుండా సరిచూసే డ్రై రన్ గుర్తొచ్చి ఉంటుంది మీకు, కానీ అది క్వెరీలకే, లోడ్ జాబ్‌లకి నమ్మదగ్గది కాదు.

పనిచేసే దారి ఇది: ఫైల్‌ని అన్ని కాలమ్‌లూ స్ట్రింగ్‌గా పెట్టిన ఒక స్టేజింగ్ టేబుల్‌లోకి ఎక్కించండి. టైప్ గొడవ లేదు కాబట్టి ఎక్కిపోతుంది. ఆ తర్వాత సేఫ్_కాస్ట్‌తో (టైప్ మార్చలేకపోతే ఎర్రర్ బదులు నల్ ఇచ్చే ఫంక్షన్) క్వెరీ రాయండి, అసలు విలువ ఉండి సేఫ్_కాస్ట్ నల్ ఇచ్చిన వరసలన్నీ చెడ్డవే. మొత్తం ఫైల్‌లోని టైప్ తప్పులు ఒక్క క్వెరీతో బయటకొస్తాయి. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఖాళీగా వదిలిన సెల్ ఇంట్ కాలమ్‌లోకి అయితే నల్‌గా వెళ్తుంది, స్ట్రింగ్ కాలమ్‌లోకి ఖాళీ స్ట్రింగ్‌గా వెళ్లొచ్చు, కాబట్టి ఖాళీ స్ట్రింగ్‌లని క్వెరీలో తప్పించండి. రెండోది, సీఎస్‌వీ చదివేటప్పుడు బూలియన్‌కి వై, ఎన్, 1, 0 కూడా ఒప్పుకుంటుంది, స్ట్రింగ్ నుంచి కాస్ట్ మాత్రం ట్రూ, ఫాల్స్ అనే మాటలే ఒప్పుకుంటుంది.

కోట్లు చెడిపోయిన ఫైల్ స్ట్రింగ్‌లుగా కూడా ఎక్కదు. అప్పుడు కోట్ అక్షరాన్ని ఖాళీ చేసి, ఫైల్‌లో ఎక్కడా లేని ఏదో అక్షరాన్ని డీలిమిటర్‌గా ఇచ్చి, మొత్తం లైన్‌ని ఒకే కాలమ్‌గా ఎక్కించండి. అందంగా ఉండదు, పని అవుతుంది. ఫైళ్లు చాలా ఉంటే లోడ్ బదులు ఎక్స్‌టర్నల్ టేబుల్ (ఫైళ్లను ఉన్నచోటే ఉంచి చదివేది) పెట్టుకోండి, అందులో _ఫైల్_నేమ్ అనే దాగిన కాలమ్ ఉంటుంది, ఏ వరస ఏ ఫైల్‌దో అక్కడే తెలిసిపోతుంది.

రాత్రి నడిచిన జాబ్ ఫెయిలైంది, ప్రాసెస్ ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడు ఎర్రర్స్ ఎలా తెచ్చుకోవాలి?

జాబ్ ఐడీ ఉంటే చాలు. క్లయింట్‌లో గెట్_జాబ్ పిలిస్తే అదే జాబ్ ఆబ్జెక్ట్ తిరిగొస్తుంది, ఎర్రర్స్ అందులోనే ఉంటాయి. ఇక్కడ జనం తడబడేది లొకేషన్ దగ్గర. డేటాసెట్ ముంబయి రీజియన్‌లో ఉంటే, అంటే ఆసియా-సౌత్1, గెట్_జాబ్‌కి ఆ లొకేషన్ కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే జాబ్ లేదు పొమ్మని 404 వస్తుంది. అమెరికా, యూరప్ మల్టీ రీజియన్‌లకి మాత్రమే ఇది ఇవ్వకపోయినా నడుస్తుంది, నెట్‌లో దొరికే ఉదాహరణలు ఎక్కువగా అవే కాబట్టి ఎవరూ లొకేషన్ రాయరు. జాబ్ ఐడీతో పాటు లొకేషన్ కూడా లాగ్ చేయమని పైన చెప్పింది ఇందుకే.

పనులు షెడ్యూల్ చేసే ఎయిర్‌ఫ్లో వాడితే టాస్క్ లాగ్‌లో జాబ్ ఐడీ వెతకండి. కమాండ్ లైన్‌లో అయితే బీక్యూ షోకి -j పెట్టి జాబ్ ఐడీ ఇచ్చి, ఫార్మాట్ ప్రెట్టీజేసన్ పెడితే ఎర్రర్స్‌తో సహా అన్నీ వస్తాయి.

జాబ్ ఐడీ కూడా లేదు.

ఇన్ఫర్మేషన్_స్కీమాలోని జాబ్స్ వ్యూని క్వెరీ చేయండి. ముందు రీజియన్ పేరు పెట్టాలి, గత 180 రోజుల జాబ్‌లు అందులో ఉంటాయి. జాబ్ టైప్ లోడ్, ఎర్రర్_రిజల్ట్ నల్ కానివి, మీ టేబుల్ పేరు, అని వడపోస్తే దొరుకుతుంది. ఈ వ్యూలో ఎర్రర్_రిజల్ట్ మాత్రమే ఉంది, ఎర్రర్స్ లిస్ట్ లేదు. కాబట్టి ఇక్కడ ఐడీ పట్టుకుని, వివరాలకి మళ్లీ గెట్_జాబ్‌కే వెళ్లాలి. ఇతరులు నడిపిన జాబ్‌లు కనిపించాలంటే మీ అకౌంట్‌కి ఆ పర్మిషన్ ఉండాలి, అందరి జాబ్‌లూ లిస్ట్ చేసేది.

వచ్చేసారి ఈ వెతుకులాట లేకుండా జాబ్ ఐడీ మీరే ఇచ్చుకోండి, పైప్‌లైన్ పేరు, తేదీ, చివర ఏదో ఒక యాదృచ్ఛిక తోక. తోక లేకుండా ఇస్తే రెండోసారి నడిపినప్పుడు డూప్లికేట్ అని 409 వస్తుంది. ఒకే లోడ్ రెండుసార్లు నడవకూడదు అనుకునేవాళ్లు కావాలనే తోక లేకుండా ఇస్తారు, అదీ మంచి పద్ధతే.

మేం లోడ్ జాబ్ నేరుగా నడపం, బిగ్‌క్వెరీ డేటా ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌తో షెడ్యూల్ చేశాం. అక్కడ?

అక్కడ లైబ్రరీ వేరు, క్లయింట్ వేరు. కాన్ఫిగ్ ఒకటి, దాని కింద ప్రతిసారి నడిచిన రన్‌లు, ప్రతి రన్ కింద మెసేజ్‌లు ఉంటాయి. లిస్ట్_ట్రాన్స్‌ఫర్_రన్స్‌తో రన్‌లు తెచ్చుకుని స్టేట్ ఫెయిల్డ్ అయినవి చూడండి. రన్‌లో ఎర్రర్_స్టేటస్ ఉంటుంది, కానీ అది క్లుప్తం. అసలు కథ లిస్ట్_ట్రాన్స్‌ఫర్_లాగ్స్‌లో ఉంటుంది. రన్ పేరు ఇస్తే మెసేజ్‌లు ఒక్కొక్కటిగా వస్తాయి, ఒక్కోదానికి సమయం, తీవ్రత, టెక్స్ట్.

తీవ్రత ఎర్రర్ ఉన్నవే వడపోసి చూసే ఆలోచన వస్తుంది కానీ, వెతుకుతున్నప్పుడు అన్నీ చదవండి. కొత్త ఫైళ్లేవీ దొరకలేదు అనేది సమాచారం కిందే వస్తుంది, పాత్‌లో ఒక్క అక్షరం తప్పున్నా ఇదే కనిపిస్తుంది, రన్ మాత్రం పచ్చగా ఉంటుంది. ఈ సర్వీస్ కూడా లోపల లోడ్ జాబే నడుపుతుంది. మెసేజ్‌లో జాబ్ ఐడీ కనిపిస్తే దాన్ని గెట్_జాబ్‌కి ఇస్తే వరస, కాలమ్ వివరాలు అక్కడ దొరుకుతాయి.

ఇన్సర్ట్_రోస్_జేసన్ వాడుతున్నాం, ఎక్సెప్షన్ ఎప్పుడూ రాదు, కానీ వరసలు కనిపించట్లేదు.

ఇది జాబే కాదు, స్ట్రీమింగ్. చెడ్డ వరసలుంటే ఎక్సెప్షన్ లేపదు, తప్పుల లిస్ట్‌ని రిటర్న్ చేస్తుంది. లిస్ట్ ఖాళీ అయితేనే అన్నీ ఎక్కినట్టు. రిటర్న్ విలువని చూడని కోడ్ అంటే తప్పుల్ని చెత్తబుట్టలో వేస్తున్నట్టే. ప్రతి ఐటమ్‌లో ఇండెక్స్ ఉంటుంది, మీరు పంపిన వరసల్లో ఎన్నోదో (0 నుంచి). ఒక్క వరస చెడినా మిగతా అన్నింటికీ స్టాప్డ్ అనే రీజన్ వస్తుంది, వాటిలో తప్పేమీ లేదు, పక్కనున్న చెడ్డ వరస వల్ల ఆగాయంతే. లాగ్ చేసేటప్పుడు స్టాప్డ్ వాటిని తీసేస్తే అసలు దోషి ఒక్కటే మిగులుతుంది.

పాండాస్ డేటాఫ్రేమ్ నుంచి ఎక్కిస్తే జాబ్ కూడా కనిపించట్లేదు, ఎర్రర్ మాత్రం వస్తోంది.

జాబ్ పుట్టకముందే పడిపోయింది. డేటాఫ్రేమ్‌ని ముందు మీ మెషీన్‌లోనే పైయారో అనే లైబ్రరీ మారుస్తుంది, ఒకే కాలమ్‌లో నంబర్లు, స్ట్రింగ్‌లు కలిసి ఉంటే అక్కడే ఆగుతుంది. బిగ్‌క్వెరీలో వెతకడం దండగ, మీ కాలమ్‌ల డీటైప్స్ చూసుకోండి. జాబ్ సృష్టించే పర్మిషన్ లేనప్పుడు కూడా అంతే, జాబ్ ఉండదు, ఎక్సెప్షన్‌లో ఉన్నదే సమాచారం.

ఫెయిలైతే ఆటోమేటిక్‌గా మళ్లీ నడపొచ్చా?

రీజన్ బట్టి. బ్యాకెండ్ఎర్రర్, ఇంటర్నల్ఎర్రర్, రేట్‌లిమిట్ఎక్సీడెడ్ అయితే కొంచెం ఆగి, ప్రతిసారీ ఆగే సమయం పెంచుతూ మళ్లీ ప్రయత్నించండి. ఇన్వాలిడ్ అయితే వందసార్లు నడిపినా అదే ఫైల్, అదే ఎర్రర్. పైగా ఫెయిలైన లోడ్‌లు కూడా కోటాలో లెక్కకొస్తాయి, గుడ్డిగా రీట్రై చేస్తే మంచి ఫైళ్లకి కూడా కోటా మిగలదు. యాక్సెస్‌డినైడ్, నాట్‌ఫౌండ్ వస్తే మనిషిని లేపాలి.

ఎర్రర్స్ మొత్తం టీమ్ స్లాక్ ఛానల్‌లో వేసేయొచ్చా?

మెసేజ్‌లో చదవలేకపోయిన విలువ కూడా ఉంటుందని మరిచిపోవద్దు. అది కస్టమర్ ఫోన్ నంబర్ కావచ్చు, ఆధార్ కావచ్చు. వ్యక్తిగత డేటా మీద మన దేశంలో 2023లోనే చట్టం వచ్చింది, చట్టం సంగతి పక్కన పెట్టినా అందరూ చూసే ఛానల్‌లో జనం నంబర్లు పడేయడం బాగుండదు. ఛానల్‌లోకి జాబ్ ఐడీ, లొకేషన్, రీజన్, ఫైల్ పేరు, లైన్ నంబర్, కాలమ్ పేరు పంపండి. పూర్తి మెసేజ్, ఆ చెడ్డ వరస, యాక్సెస్ కొద్దిమందికే ఉన్న లాగ్‌లో ఉంచండి. ఎర్రర్స్ ఎక్కువుంటే ఛానల్‌కి మొదటి నాలుగైదు, మిగతా వాటి సంఖ్య చాలు.